అప్‌డేట్ (2021 అక్టోబరు): చిప్‌ల కొరత, లే-ఆఫ్ జీతం లెక్క

చిప్‌లు దొరక్క కార్ల కంపెనీ ఆర్డర్లు ఆపేస్తే, విడిభాగాల ఫ్యాక్టరీలో ఖాళీగా ఉంచిన రోజులకు ఏమొస్తుందని అడిగాను. లెక్క తేలింది.

ముడిసరుకు కొరతే కాదు, ఇలా ఆర్డర్లు ఆగి తయారైన సరుకు పేరుకుపోయినా, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం అది లే-ఆఫే (ఉద్యోగం తీసేయకుండా, పని ఇవ్వలేక కొన్నాళ్లు ఖాళీగా ఉంచడం). కనీసం 50 మంది ఉన్న ఫ్యాక్టరీలో, ఏడాది సర్వీసుంటే బేసిక్, డీఏ (కరవు భత్యం)లో సగం ఇవ్వాలి. రెండూ కలిపి రోజుకు 500 అయితే 250; వారపు సెలవులు కలవవు.

చాలామంది నష్టపోయేది హాజరు దగ్గరే. రోజుకోసారి చెప్పిన వేళకు ఫ్యాక్టరీకి వెళ్లకపోతే ఆ రోజు పరిహారం పోతుంది. దయచేసి ఇది తేలిగ్గా తీసుకోకండి. ఏడాది సర్వీసు పూర్తయిన బద్లీ కార్మికులకూ (వేరే కార్మికుడి బదులు పనిచేసేవాళ్లకూ) హక్కుంది.

పూర్తిగా తీసేస్తే వేరే లెక్క: కనీసం నెల నోటీసు లేదా ఆ జీతం, సర్వీసు ఏడాదికి 15 రోజుల సగటు వేతనం.