గాయాల నివారణ మీద పరిశోధన: దీన్ని బతుకుతెరువుగా పెట్టుకోవచ్చా?

పీజీ_రెండో_ఏడు అడిగారు:

నమస్కారం అందరికీ. కోస్తాలో ఒక మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ రెండో ఏడు చదువుతున్నాను. అవును, ర్యాంకు రాక వచ్చిన సీటే, ఆ ప్రశ్న మాత్రం ఎవరూ అడక్కండి. థీసిస్‌కి మా సారు "షుగరో బీపీయో తీసుకోమ్మా, ఆరు నెలల్లో అయిపోతుంది" అంటున్నారు. నాకేమో క్యాజువాలిటీ డ్యూటీలో చూసినవే కళ్లముందు తిరుగుతున్నాయి. ఒక్క రాత్రిలో బైకు మీదనుంచి పడ్డవాళ్లు నలుగురు, పురుగుమందు తాగిన కుర్రాడొకడు, మరిగే పాలగిన్నె మీద పడేసుకున్న మూడేళ్ల పిల్ల. ఆ పిల్ల ఏడుపు ఇంకా వినబడుతోంది.

ఇవి జరగకుండా ఆపడం మీదే పనిచేసే పరిశోధకులు ఉంటారని ఈ మధ్యే తెలిసింది. మా నాన్నగారితో చెబితే "దెబ్బ తగిలాక కట్టు కట్టేది డాక్టరు. తగలకుండా చూసేది పోలీసు. మధ్యలో నువ్వేం చేస్తావమ్మా?" అన్నారు. జవాబు తోచలేదు.

ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉద్యోగాలుంటాయా? విదేశాలకి వెళ్లక తప్పదా?

ఉప్పుటేరు రాశారు:

అమ్మా, మీ నాన్నగారి ప్రశ్న బాగుంది. మా ఆవిడ ఇరవై ఏళ్లుగా అదే అడుగుతోంది.

నేను డాక్టర్ని కాను. బీయస్సీ స్టాటిస్టిక్స్. భీమవరం చుట్టుపక్కల ఒక సర్వేకి ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్ కావాలంటే, సొంత మోటారుసైకిలు ఉందన్న ఒక్క అర్హతతో చేరాను. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) తరవాత చదివాను, పీహెచ్‌డీ మరీ ఆలస్యంగా, జుట్టు నెరిశాక.

మా పనేమిటంటే, ఇంట్లో మనిషి పోయాక పెద్దకర్మ అయ్యేదాకా ఆగి, ఆ తరవాత ఆ ఇంటికెళ్లి ఎలా పోయారో అడిగి రాసుకోవడం. వెర్బల్ అటాప్సీ అంటారు. ఆసుపత్రి కాగితం లేకుండా పోయేవాళ్లే ఎక్కువ కాబట్టి, కారణం తెలియాలంటే ఇంటివాళ్ల నోటిమాటే దిక్కు. నేను చేరేనాటికే మా గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో ఏడాది పాటు ఇలా లెక్కపెట్టి ఉన్నారు. 1,354 చావులు. పల్లెటూళ్లలో అంటురోగాలే మొదట ఉంటాయని అందరి నమ్మకం. తీరా చూస్తే గుండెజబ్బు, పక్షవాతం వర్గం 32 శాతంతో మొదట, గాయాలు 13 శాతంతో రెండోది. అంటురోగాలు 12 శాతంతో వాటి వెనక నిలబడ్డాయి. ఆ గాయాల చావుల్లో మూడోవంతు తమకి తాము చేసుకున్నవి. 2006లో ఆ పేపరు అచ్చయింది. మా సూపర్‌వైజరు దాన్ని జిరాక్సు తీయించి మా అందరికీ పంచాడు. నాకు సగం అర్థం కాలేదు గానీ ఆ 13 మాత్రం పట్టుకుంది.

మూడో నెలలో అనుకుంటా, ఒక ఇంటికెళ్లాను. రెండేళ్ల బాబు, ఇంటి వెనక చేపల చెరువు. తల్లి నాట్లకి వెళ్లింది, నాయనమ్మ పొయ్యి దగ్గర ఉంది. పొద్దున్న పదకొండు గంటలవేళ. నాయనమ్మ అరుగు మీద కూర్చుని ఒకటే మాట: "నా ఏమరుపాటే బాబూ. వాడికి నీటిగండం ఉందని సిద్ధాంతి ముందే చెప్పాడు." నేను ఫారంలో "ప్రమాదవశాత్తు నీటమునక" అన్న గడిలో టిక్కు పెట్టి బయటికొచ్చాను. పెరటి గుమ్మం నుంచి గట్టు దాకా అడుగులేసి చూశాను. నా అడుగుల్లో పదిహేడు. మధ్యలో తడిక లేదు, తలుపుకి గొళ్లెం లేదు. ఫారంలో దానికి గడే లేదు.

ఆ రాత్రి గదిలో కూర్చుంటే తట్టింది. ప్రమాదం అంటే సంస్కృతంలో అసలు అర్థమే ఏమరుపాటు. "ప్రమాదో ధీమతామపి" అని మన పెద్దలు ఊరికే అంటూంటారు కదా. అంటే ఆ మాట వాడగానే తప్పు ఆ ముసలావిడ నెత్తిన పడిపోయింది. మిగతాది గండం మీదికి పోయింది. చెరువుకీ గుమ్మానికీ ఏ పూచీ లేదు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ వాళ్లు "యాక్సిడెంట్" అన్న మాటని తమ పత్రికలోంచి తీసేశారు. ముందే ఊహించగలిగినదాన్ని, ఆపగలిగినదాన్ని అలా పిలవకూడదని వాళ్ల వాదన. వాళ్ల "యాక్సిడెంట్" జరిగినదాన్ని అదృష్టానికి వదిలేస్తుంది. మన "ప్రమాదం" మనిషికి చుడుతుంది. నన్నడిగితే మనదే ఎక్కువ చెడ్డది.

ఇప్పుడు మీ నాన్నగారికి జవాబు. విలియం హాడన్ అని అమెరికాలో ఒక డాక్టరు ఉండేవాడు. 1966లో అక్కడి ప్రభుత్వం రోడ్డు భద్రతకి ఒక కార్యాలయం పెడితే మొదటి అధిపతి ఆయనే. ఆయన గీసిన పట్టిక ఒకటుంది, మా వృత్తికి పెద్దబాలశిక్ష అనుకోండి. నిలువునా మూడు కాలాలు: జరగక ముందు, జరిగే క్షణం, జరిగాక. అడ్డంగా మనిషి, వస్తువు, పరిసరం. మన రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, రాశి చుట్టూ రాళ్లు పేరుస్తారు చూడండి. రాత్రిపూట బండి ఆ రాయికి కొట్టుకుని మనిషి పోతాడు. పేపర్లో "అతివేగమే కారణం" అని వస్తుంది. ఆ పట్టిక నింపడం మొదలుపెడితే మనిషి గడిలో వేగం, హెల్మెట్టు, వస్తువు గడిలో హెడ్‌లైటు, పరిసరం గడిలో దీపం లేని రోడ్డు, రాయి వస్తాయి. అక్కడ ఆగకుండా ఆ రైతుకి కల్లం ఎందుకు లేదని అడుగుతాం. జరిగాక గడిలో 108 ఎంతసేపటికి వచ్చిందని. పోలీసు ఒక్క గడి చూస్తాడు, డాక్టరు ఇంకో గడి చూస్తాడు. మిగిలిన గడుల్లో మా కూడూ గుడ్డా.

విదేశాలకి వెళ్లడం గురించి. దినేశ్ మోహన్ గారి గురించి చదవండి. మెకానికల్ ఇంజనీరు. అమెరికాలో పీహెచ్‌డీ చేసి, పిల్లలు ఎత్తునుంచి పడితే తలకి దెబ్బ ఎలా తగులుతుందో అక్కడే లెక్కలు కట్టి, 1979లో ఐఐటీ ఢిల్లీకి వచ్చేశాడు. ఇక్కడికొచ్చి పెద్ద పెద్ద కార్లే కాదు, ఉత్తరాది పల్లెల్లో చేత్తో తిప్పే గడ్డికోత మిషన్లూ పట్టుకున్నాడు. పిల్లలు ఆడుకుంటూ చక్రం తిప్పితే వేళ్లు తెగేవి. పిల్లల్ని తిట్టండని ఆయన చెప్పలేదు. చక్రం తిరక్కుండా గడియ, బ్లేడుకి అడ్డు, చెయ్యి లోపలికి పోకముందే తగిలే రోలరు. అంతే. 2021లో కోవిడ్ ఆయన్ని తీసుకుపోయింది.

హైదరాబాద్‌లో రాఖీ దండోనా గారి బృందం పెట్రోలు బంకుల్లో నిలబడి టూవీలర్లు నడిపేవాళ్లని ప్రశ్నలడిగింది. బండి ఆపి నాలుగు మాటలు చెప్పే చోటు ఊళ్లో ఇంకెక్కడుంది? ఆలోచన అంటే అదీ. బెంగళూరు నిమ్హాన్స్‌లో గురురాజ్ గారు జీవితమంతా ఈ లెక్కల మీదే పెట్టారు. కాబట్టి ఎంపీహెచ్‌కి తిరువనంతపురం అచ్యుత మీనన్ సెంటరు ఉంది, హైదరాబాద్‌లో ప్రజారోగ్య సంస్థ ఐఐపీహెచ్ ఉంది. విమానం తప్పనిసరేం కాదు.

ఉద్యోగం సంగతి నిజం చెప్పాలి. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే జీతం. నేను పనిచేసిన ఒక చోట మూడేళ్ల ప్రాజెక్టు రెండో ఏడే ఆగింది. ఐదు నెలలు ట్యూషన్లు చెప్పుకున్నాను. మీకు ఎండీ ఉంటుంది కాబట్టి మెడికల్ కాలేజీ ఉద్యోగం వెనక దన్నుగా ఉంటుంది. అది వదలకండి.

మూసీ_ఒడ్డు రాశారు:

ఉప్పుటేరు సార్, మంచిగ చెప్పిన్రు. మాది నల్లగొండ దిక్కు. మా నాయిన గీత కార్మికుడు. తాటిచెట్టు మీదికెళ్లి పడ్డోళ్లు మా ఊర్లె ఇంటికొకలు ఉంటరు. మోకు తెగిందనో, చెట్టు తడిగున్నదనో అంటరు. అంతకన్న ఎక్కువ ఎవలు అడగలే. 2024ల సర్కారు కాటమయ్య రక్షణ కవచం అని కిట్లు ఇచ్చుడు షురూ చేసింది, జారితె పట్టుకునేటట్టు. మా నాయిన ఒక వారం ఏస్కున్నడు, మళ్ల మోకే పట్టిండు. "దీన్ని ఇడిసి కట్టుడుకే పొద్దు పోతది, ఇరవై చెట్లు ఎప్పుడెక్కాలె" అన్నడు. డాక్టరమ్మా, థీసిస్‌కి ఇది తీస్కోరాదు? ఎవలు ఏస్కుంటున్రు, ఎవలు పక్కకు పెట్టిన్రు, ఎందుకు?

ఉప్పుటేరు రాశారు:

మీ నాన్నగారు చెప్పినదే అసలు డేటా. చెట్టుకి ఎన్ని నిమిషాలు ఎక్కువ పడుతోందో గడియారం పెట్టి చూడాలి. పడినవాళ్ల గురించి మా వృత్తిలో పాత కథ ఒకటుంది. హ్యూ డిహేవెన్ అనేవాడు 1917లో విమానం కూలితే బతికాడు. తను ఎందుకు బతికాడన్న ప్రశ్న వదల్లేదు. 50 నుంచి 150 అడుగుల ఎత్తునుంచి పడి కూడా బతికినవాళ్లని వెతికి, దేనిమీద పడ్డారు, ఎలా పడ్డారు అని 1942లో పేపరు రాశాడు. దెబ్బ ఒంటి మీద ఎక్కడ తగిలింది, దాని జోరు ఎంత మేర పరుచుకుంది అన్నదాంట్లో ప్రాణం ఉందని తేల్చాడు. తాటిచెట్టు కింద ఏముంటుందో ఎవరైనా రాశారా? నాకైతే కనబడలేదు.

అట్లాంటా_ఆవకాయ రాశారు:

విదేశీ కోణం నుంచి రెండు మాటలు. ఇక్కడ అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీలో గాయాల నివారణకి విడిగా ఒక కేంద్రం ఉంది, 1992లో ఏర్పడింది. అయితే డబ్బు రాజకీయాల చేతుల్లో ఉంటుంది. తుపాకీ గాయాల మీద పరిశోధన చేస్తున్నారని 1996లో ఇక్కడి కాంగ్రెస్, అంటే పార్లమెంటు, ఆ కేంద్రం బడ్జెట్లో సరిగ్గా 26 లక్షల డాలర్లు కోసేసింది, వాళ్లు ఆ పని మీద పెట్టినంత మొత్తమే. తుపాకీ నియంత్రణని సమర్థించేందుకు ఆ నిధులు వాడరాదని షరతు. ఆ భయంతో ఇరవై ఏళ్ల పైన ఆ పరిశోధన దాదాపు ఎండిపోయింది. 2019 చివర్లో మళ్లీ 2.5 కోట్ల డాలర్లు ఇచ్చారు. 2025 ఏప్రిల్‌లో అదే కేంద్రంలో చాలామంది ఉద్యోగాలు పోయాయి. అమెరికా అంటే భద్రత అనుకుని మాత్రం రావద్దు తల్లీ. నేర్చుకోవాలంటే బంగ్లాదేశ్ చూడు. ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లల్ని పొద్దున్న 9 నుంచి మధ్యాహ్నం 1 దాకా ఊళ్లోనే ఒకావిడ కనిపెట్టుకుని ఉండే ఇళ్లు నడిపారు, ఆంచల్ అంటారు. నీటమునకలు బాగా తగ్గాయి. పైన ఉప్పుటేరు గారు చెప్పిన బాబు పోయిన వేళ ఏది? పదకొండు గంటలే కదా.

ఉప్పుటేరు రాశారు:

ఆ వేళ సంగతి నాకు తట్టడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మా ఫారంలో టైము రాసేవాళ్లం, ఎవరూ కలిపి చూడలేదు.

అన్నట్టు ఆ పురుగుమందు కుర్రాడి గురించి కూడా ఒకటి చెప్పాలి. శ్రీలంకలో 1995 నుంచి ప్రాణాంతకమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటే నిషేధించుకుంటూ వచ్చారు. ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. పంట దిగుబడి పడిపోలేదు. ఒక్కసారి ఆవేశంలో చెయ్యి చాచినప్పుడు అందేది అంత విషం కాకపోతే చాలామంది బతుకుతారు, బతికినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ ఆ పని చెయ్యరు. ఆ కుర్రాడు ఉన్నాడా అమ్మా?

పీజీ_రెండో_ఏడు రాశారు:

ఉన్నాడండీ. పదకొండు రోజులు వెంటిలేటర్ మీద ఉండి ఇంటికెళ్లాడు.

మీరంతా రాసింది చదివి నిన్న మా క్యాజువాలిటీ ఎమ్మెల్సీ రిజిస్టరు, అంటే పోలీసు కేసయ్యేవి రాసే మెడికో-లీగల్ పుస్తకం, తిరగేశాను. రెండు నెలల పేజీలు. కారణం గడిలో సగానికి పైగా "కింద పడ్డారు" అనే ఉంది. ఎక్కడనుంచి, దేనిమీద, ఏ వేళ, ఏమీ లేదు. చెట్టా, మంచమా, మెట్లా తెలీదు. రాసే ఆయన్ని అడిగాను, కాస్త వివరంగా రాయొచ్చు కదా అని. "ఆ గడిలో అంతకంటే పట్టదు మేడమ్" అన్నారు.

ఉప్పుటేరు రాశారు:

ఆయన్ని ఏమీ అనకు. రేపు స్కేలు పట్టుకెళ్లి ఆ గడి వెడల్పు ఎంతుందో కొలిచి రాయి. కొత్త రిజిస్టరు ఏ నెలలో అచ్చేయిస్తారో, ఆ ఫైలు ఎవరి బల్ల మీదికి వెళ్తుందో కూడా కనుక్కో.