సీడీ69 పెరిగింది, సీడీ25 కదల్లేదు. యాంటీబాడీ పాడైందా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం రక్తం నుంచి తెల్లకణాలు వేరు చేసి, పీఎంఏ, అయోనోమైసిన్ (కణాలను మేల్కొలిపే రసాయనాలు) కలిపి 6 గంటలు ఇంక్యుబేటర్లో పెట్టాను. ఫ్లో సైటోమీటర్లో (రంగు యాంటీబాడీలతో కణాల మీది ప్రోటీన్లను కొలిచే యంత్రం) చూస్తే, కణం మేల్కొన్నప్పుడు పైన కనబడే ప్రోటీన్లలో సీడీ69 బ్రహ్మాండంగా పెరిగింది, సీడీ25, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ మాత్రం కంట్రోల్ ట్యూబులో ఎంతుందో ఇందులోనూ అంతే. పైగా సీడీ4 కణాలు (సహాయక టీ కణాలు) చాలావరకు మాయం. కొత్త యాంటీబాడీలు కావాలని గైడ్‌ని అడగాలంటే టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జవాబు 1: ఇప్పుడే ఏమీ కొనకండి. సీడీ69 రెండు మూడు గంటల్లోనే పైకొచ్చేస్తుంది, ఒక రోజు దాటాక మెల్లగా తగ్గుతుంది. సీడీ25 అంటే ఐఎల్-2 (టీ కణాలు పెరగడానికి సంకేతమిచ్చే ప్రోటీన్) గ్రాహకంలో ఆల్ఫా భాగం, అది 24 గంటలు దాటాకే బాగా కనబడుతుంది, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌కైతే రెండు మూడు రోజులు ఆగాలి. కాకపోతే పీఎంఏలో అన్ని రోజులు ఉంచితే కణాలు బతకవు, అందుకే యాంటీ సీడీ3, యాంటీ సీడీ28 (టీ కణాల మీది ప్రోటీన్లను పట్టుకుని వాటిని మేల్కొలిపే యాంటీబాడీలు) పూసిన బీడ్స్‌తో 24, 72 గంటలకు విడివిడిగా చూడండి, ప్రతి సమయానికీ ఏమీ కలపని ట్యూబు ఒకటి పక్కనే ఉండాలి.

సీడీ4 కణాలు ఎక్కడికీ పోలేదండి. పీఎంఏ తగిలితే పైనున్న సీడీ4ని కణం లోపలికి లాగేసుకుంటుంది, యాంటీబాడీకి అందదు. సీడీ3 ఉండి (అంటే టీ కణాలై) సీడీ8 లేని వాటిని గేట్ చేస్తే (డేటాలో విడిగా ఎంచుకుంటే) దాదాపు అవే దొరుకుతాయి.

జవాబు 2: ఒక మాట కలుపుతాను. బీ కణాలు, మోనోసైట్ల మీద హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ ముందునుంచే ఉంటుంది కాబట్టి సీడీ3 గేట్ లోపలే చూడాలి. కంట్రోల్‌లో కొద్ది సీడీ4 కణాలు సీడీ25తో మెరుస్తుంటే కంగారు వద్దు, అవి చాలావరకు రెగ్యులేటరీ టీ కణాలు (రోగనిరోధక స్పందనను అదుపులో ఉంచేవి). చనిపోయిన కణాలను గుర్తించే రంగు తప్పకుండా వాడండి, అవి ఏ యాంటీబాడీనైనా పట్టేసుకుంటాయి.

ప్రశ్న: చాలా థాంక్స్ అండి. కణాలు వేరు చేయకుండా ఊదా మూత ట్యూబులోని రక్తంలోనే నేరుగా కలపొచ్చా?

జవాబు 1: వద్దు. అందులో ఈడీటీఏ ఉంటుంది, అది కాల్షియాన్ని కట్టేస్తుంది, అయోనోమైసిన్ పనిచేసేదేమో ఆ కాల్షియాన్ని కణంలోకి పంపించే. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబులో తీయించండి, తీసిన రోజే మొదలుపెట్టండి.