అప్‌డేట్: అమ్మ పాదాల వాపుకు కారణం తెలిసింది

మోకాళ్ల నొప్పికి అమ్మ చాలాకాలంగా రోజూ డైక్లోఫెనాక్ వేసుకుంటోందని, పాదాలు వాచి బీపీ పెరుగుతోందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ థ్యాంక్స్. "ముందు క్రియాటినిన్ చూపించండి" అన్న సలహానే పనికొచ్చింది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే ఈ రక్తపరీక్షలో 2.1 వచ్చింది, అంటే ఎక్కువే. థైరాయిడ్, గుండె పరీక్షలు నార్మల్.

కిడ్నీ డాక్టర్ మందుల కవరు మొత్తం టేబుల్ మీద పోయించి, ఒక్కో స్ట్రిప్ తిప్పి చూశారు. బీపీకి టెల్మిసార్టాన్, నీరు పోయే మాత్ర, వాటికి తోడు ఈ నొప్పి మాత్ర. మూడూ కలిస్తే కిడ్నీ బాగా దెబ్బతినొచ్చట. నొప్పి మాత్రతో పాటు ఇచ్చే గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ కాపాడేది కడుపును మాత్రమే, కిడ్నీని కాదు. ఈ సంగతి మందుల షాపులో ఎవరూ చెప్పరు, బాధేస్తుంది.

డైక్లోఫెనాక్ ఆపించి, బీపీ మందులు ఆయనే సర్దారు. వాపు తీసింది, క్రియాటినిన్ 1.2కి దిగింది. ఇప్పుడు నొప్పికి పారాసెటమాల్, ఫిజియోథెరపీ నడుస్తున్నాయి.