ఎండలో టైటానియం పొడి కలిపినా రంగునీళ్లు తేరడం లేదు, తప్పెక్కడ?

పొందూరు_అద్దకం:
నూలు అద్దాక వచ్చే జాడింపు నీళ్లు, రియాక్టివ్ ఎరుపు (నూలుతో రసాయన బంధం కట్టే రకం రంగు), పీహెచ్ 10.5. 20 లీటర్ల టబ్బులో పెయింట్ షాపు టైటానియం డయాక్సైడ్ 200 గ్రాములు కలిపి నాలుగు గంటలు ఎండలో ఉంచాం. గులాబీ రంగు పాలలా తయారైంది, మర్నాటికీ పొడి అడుక్కి దిగలేదు. మోతాదు పెంచాలా?

వెలుగు_రసాయనం:
పెంచడం కాదండీ, ఇరవయ్యో వంతుకి దించండి. అంతకన్నా ముందు పొడి మార్చండి. ఎండ తగిలిన టైటానియం డయాక్సైడ్ తనని తాకిన రంగు అణువుల్ని విరగ్గొట్టాలి, మీకు కావలసింది అదే. కానీ పెయింట్లకి అమ్మేది ఎక్కువగా రూటైల్ అనే స్ఫటిక రకం, పైగా రేణువుల మీద అల్యూమినా, సిలికా పూత ఉంటుంది. గోడ మీది రంగు ఎండకి సుద్దలా రాలకుండా వేసే పూత అది. మీకు ఏ పని జరగాలో సరిగ్గా దాన్నే ఆపుతుంది! పూత లేని అనటేజ్ (ఇదే పదార్థపు మరో స్ఫటిక రకం) గానీ, పీ25 (అనటేజ్, రూటైల్ కలిసిన సన్నటి పొడి) గానీ తెప్పించండి.

అనటేజ్‌కి 387 నానోమీటర్ల లోపు వెలుగు కావాలి. ఎండలో అది నూటికి నాలుగైదు పాళ్లే. పాలలాంటి నీళ్లలో ఆ కాస్తా పైపొరలోనే ఆగిపోతుంది, టబ్బు అడుగంతా చీకటే.

30×40 సెంటీమీటర్ల ట్రే తీసుకుని 2 సెంటీమీటర్ల లోతున నీళ్లు పోయండి, 2.4 లీటర్లు పడతాయి. పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్ చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ 5కి తెచ్చి, బుడగలు ఆగేదాకా కలపండి. ఆ బుడగలు అద్దకంలో వాడిన సోడా యాష్ (సోడియం కార్బొనేట్) వల్ల వచ్చేవి. కార్బొనేట్ మిగిలితే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ని, అంటే ఎండలో పొడి మీద పుట్టి రంగుని విరగ్గొట్టే చురుకైన కణాల్ని, మింగేస్తుంది. పొడి 1.2 గ్రాములు చాలు. మూతపెట్టి అరగంట కలిపాకే ఎండలో పెట్టండి, 10 నుంచి 2 దాకా. చేపల తొట్టి గాలి పంపు ఆగకూడదు, ఆక్సిజన్ లేకపోతే చర్య నడవదు.

పక్కనే పొడి లేని ట్రే ఒకటి, పొడి వేసి మూసిన ట్రే ఒకటి ఉంచండి. లేకపోతే ఎండకి వెలిసిందో, పొడికి అంటుకుందో, నిజంగా విరిగిందో తేలదు.

నీటి_పరీక్ష:
పైవన్నీ సరే గానీ, రంగు పోయినంత మాత్రాన నీరు శుభ్రపడినట్టు కాదు. అజో రంగుల్లో (రెండు నైట్రోజన్ అణువుల జంట బంధం వల్ల రంగు వచ్చేవి, రియాక్టివ్ ఎరుపులు చాలావరకు ఇవే) ముందు తెగేది రంగునిచ్చే బంధమే, ముక్కలు నీళ్లలోనే ఉంటాయి. సీవోడీ (నీళ్లలో మిగిలిన కర్బన మలినాన్ని ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) చూడండి. రంగు తేరిన తర్వాత కూడా ఎండలో ఇంకా చాలాసేపు ఉండాలి. ఉప్పు ఎక్కువున్న అసలు అద్దకం నీళ్లు ఇందులో కలపొద్దు, క్లోరైడ్ కూడా రాడికల్స్‌ని తినేస్తుంది. చివరి జాడింపులకే ఈ పద్ధతి.

పొందూరు_అద్దకం:
పొడిని తిరిగి పట్టేదెలా? మన తీరం నల్ల ఇసకలో టైటానియం ఉందంటారు, అది పనికొస్తుందా?

వెలుగు_రసాయనం:
ఆ ఇసకలో ఉండేది ఇల్మెనైట్, ఇనుముతో కలిసిన ముతక గింజ. దీనికి పనికిరాదు.

పని అయ్యాక పీహెచ్ 6.5 దగ్గరికి తెండి. రేణువుల మీద విద్యుదావేశం దాదాపు సున్నా అయ్యి గుంపుకట్టి, రాత్రికి రాత్రే దిగుతాయి. మీ 10.5లో ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలడం వల్లే దిగలేదు. పై తేట వంచి, అడుగు ముద్దని కడిగి మళ్లీ వాడుకోండి. తెల్లగా ఉన్న నీళ్లు కాలవలోకి వదలకండి. పొడి తూచేటప్పుడు మాస్క్ తప్పనిసరి, ముక్కులోకి ఇట్టే లేస్తుంది.