సుమతీ పద్యంలో ‘దొనరగ’ అంటే ఏమిటి?

సాయంకాలం నడక: నిన్న మనవడితో కూర్చుని 1943 నాటి ‘లాసీ కమ్ హోమ్’ సినిమా చూశాను. డ్యూక్ గారి కుక్కలశాల నుంచి తప్పించుకుని లాసీ అనే కుక్క బడి దగ్గరికి వచ్చేసరికి నోట్లోంచి ఈ పాదాలు ఊడిపడ్డాయి: “కనకపు సింహాసనమున / శునకము గూర్చుండబెట్టి శుభలగ్నమునం / దొనరగ బట్టము గట్టిన / వెనుకటి గుణమేల మాను?” ఈ ‘దొనరగ’ ఏమిటో యాభై ఏళ్ళుగా తెలీదు. నిఘంటువులో లేదు.

కందప్రియుడు: ఉండదు. శుభలగ్నమునందు + ఒనరగ, అంటే చక్కగా. పాదం విరిగి ‘దొ’ కిందికి జారింది, అంతే.

బందరు లడ్డు: మా మేష్టారు ‘నొనరగ’ అనే చెప్పేవారండీ. లగ్నమునన్ + ఒనరగ. వినడానికీ అదే హాయి.

కందప్రియుడు: హాయిగానే ఉంటుంది, కందమే పోతుంది. ‘న్’ కిందికి దిగితే పైన ‘మున’ మిగులుతుంది. కందంలో రెండో పాదం చివర ఉండాల్సిన గురువక్షరం ఏదీ? ఆ సున్నా ఊరికే పెట్టలేదు బద్దెన.

బందరు లడ్డు: మేష్టారు లేరు కాబట్టి మీరే గెలిచారు.

పాతపుస్తకం: అది సరే, తిట్టు పద్యం తెచ్చి లాసీకి అంటించారేమిటి?

సాయంకాలం నడక: అందుకే గుర్తొచ్చింది! పని పోయిన తండ్రి అమ్మేశాడు, డ్యూక్ గారింట్లో కనకపు సింహాసనమే. అయినా స్కాట్లాండ్ నుంచి యార్క్‌షైర్‌కి నడిచొచ్చింది. వెనుకటి గుణం మానకపోవడం ఇక్కడ మెచ్చుకోలు కదా.

పాతపుస్తకం: అయితే కొందరు చదివే ‘మారు’ కంటే ‘మాను’ నయం. అలవాటునే మానతాం.

తిక్కన వీరాభిమాని: కుక్క కోసం బద్దెన దాకా ఎందుకండీ? భారతంలో మహాప్రస్థానిక పర్వం తీయండి. కుక్కను వదిలి రమ్మంటే స్వర్గమే వద్దన్నాడు ధర్మరాజు. దేవతల కుక్క సరమ సంతతి కనుక సారమేయం, ఆ పేరులోనే ఎంత మర్యాద!

బందరు లడ్డు: లాసీ అంటే స్కాట్లాండ్‌లో అమ్మాయి. వేషం వేసిన పాల్ మాత్రం మగకుక్క. మన ‘వచ్చింది’తో ఏ తంటా లేదు, చూశారా?

తిక్కన వీరాభిమాని: వేమన మాత్రం ‘చెప్పు తినెడి కుక్క’ అని దాన్ని చెప్పు దగ్గరే ఆపేశాడు. అది నాకు నచ్చదు.

సాయంకాలం నడక: పద్యం మొత్తం వినిపించాను. మావాడు ‘కుక్కకి బట్టలు కట్టారా తాతయ్యా?’ అంటున్నాడు.

కందప్రియుడు: పట్టమండీ, పట్టం! ఒనరగన్ + పట్టము. ద్రుతం, అంటే ఆ ‘న్’, దాని మీద ‘ప’ లాంటి పరుషం...

సాయంకాలం నడక: వాడికి ఏడేళ్ళండీ.