గల్ పక్షుల లెక్క: అన్నిటికీ తెల్ల తలలే, ఎలా విడదీయాలి?

ప్రశ్న (కాకినాడ, కొత్త వలంటీర్):
జనవరిలో జరిగే నీటిపక్షుల గణనకి మా జట్టుకి కుంభాభిషేకం రేవు దగ్గరి బురదనేల ఇచ్చారు. ముందుగా ఓసారి చూసొద్దామని వెళ్తే గల్స్ (తీరాల్లో తిరిగే సముద్రపక్షులు) వందల్లో ఉన్నాయి. పుస్తకంలో బ్రౌన్-హెడెడ్ (గోధుమరంగు తల) గల్ వేరు, బ్లాక్-హెడెడ్ (నల్ల తల) గల్ వేరు. ఇక్కడ చూస్తే అన్నిటికీ తల తెలుపే, చెవి దగ్గర నల్ల మచ్చ తప్ప. పోల్చుకునేలోపే లేచి ఇంకో చోట వాలుతున్నాయి. 8×42 బైనాక్యులర్ ఉంది, స్కోప్ (స్టాండు మీద పెట్టే దూరదర్శిని) లేదు. సీనియర్లు కాస్త దారి చూపండి.

జవాబు (భీమిలి):
చలికాలంలో తలతో పని లేదండీ. ఆ ముదురు టోపీ మళ్లీ రావడం వేసవి ముందే. ఎగిరేటప్పుడు రెక్క కొన చూడండి. బ్రౌన్-హెడెడ్‌కి కొన బాగా నలుపు, ఆ నలుపులో తెల్ల బొట్లు. బ్లాక్-హెడెడ్‌కి రెక్క ముందంచున పొడుగాటి తెల్లచార, నలుపు చివర్లలో సన్నగా ఉంటుంది. వాలి ఉన్నప్పుడైతే కన్ను: బ్రౌన్-హెడెడ్‌లో పెద్దవాటికి లేత రంగు, రెండోదానికి ముదురు. రెక్కల మీద మట్టిరంగు, తోక చివర నల్లపట్టీ ఉంటే అది ఇంకా పిల్ల. పిల్లల్లో కన్ను రెండు జాతులకీ ముదురే, రెక్క కొనలో బొట్లు కూడా ఉండవు, కాబట్టి అక్కడ తొందరపడొద్దు.

మన తీరంలో ఎక్కువగా దిగేవి బ్రౌన్-హెడెడ్‌లే. లద్దాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లల్ని చేసి చలికాలానికి ఇటు వస్తాయి. అలాగని గుంపు మొత్తాన్నీ ఆ ఖాతాలో వేసేయకండి.

జవాబు (కాకినాడ):
పొద్దున్నే వెళ్లారా? మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రం మీంచే లేస్తాడు. ఆ ఎదురు వెలుతురులో ప్రతి గల్లూ నల్లగానే కనిపిస్తుంది. మధ్యాహ్నం దాటాక వెళ్తే వెలుగు మీ వీపు వైపు ఉంటుంది. అంతకంటే ముఖ్యం పోటు వేళ. పాటు సమయంలో బురద కిలోమీటర్ల కొద్దీ బయటపడి పక్షులు దూరంగా చెల్లాచెదురవుతాయి. నీళ్లు పైకొచ్చేకొద్దీ అవే ఒడ్డు వైపు జరుగుతాయి, స్కోప్ లేనివాళ్లకి అదే అదను. పోటుపాట్ల పట్టిక చూసి, సాయంత్రం పోటు ఎక్కే రోజు ఎంచుకోండి. రేవులో పడవలొచ్చి వలలు దులిపే టైములో మాత్రం లెక్క మొదలెట్టొద్దు, సగం గుంపు అటే పోతుంది.

అడిగినవారు:
చాలా థాంక్సండీ. లేచి మళ్లీ వాలినప్పుడు రెండుసార్లు లెక్కపడుతుందేమోనని భయం.

జవాబు (కాకినాడ):
గుంపు లేస్తే పాత లెక్క వదిలేసి మొదట్నుంచి మళ్లీ మొదలెట్టండి. ముందు పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి ఆ పది ఎంత జాగా పట్టిందో కంటికి పట్టించుకోండి, ఆ కొలతతో మిగతా గుంపు మీదుగా పదులు పదులుగా సాగండి. జాతుల పాళ్లు తెలియాలంటే గుంపులో మూడు నాలుగు చోట్ల కొన్నిటిని జాగ్రత్తగా చూసి నిష్పత్తి రాసుకోండి. బురద దగ్గర ఒకరు, రేవు దగ్గర ఒకరు ఒకే సమయానికి లెక్కిస్తే మంచిది. వేర్వేరు వేళల్లో చూసి రెండూ కలిపేస్తే ఆ అంకె ఎందుకూ కొరగాదు. ఫొటో కోసం గుంపును లేపేవాణ్ణి జట్టులోకి తీసుకోకండి, ఇది నా గట్టి మాట.

అడిగినవారు:
ఇంకొకటి. మిగతా వాటికంటే బాగా పెద్దది, కంటి చుట్టూ నల్లటి నీడ, పసుపు ముక్కు, దాని కొస దగ్గర నల్ల పట్టీ. టర్న్ (గల్‌ని పోలిన మరో సముద్రపక్షి) అనుకోవాలా?

జవాబు (భీమిలి):
కాదు, పల్లాస్ గల్ (పెద్ద గల్ జాతి) లాగుంది. వాలుగా ఉన్న నుదురు, బరువైన ముక్కు ఉన్నాయేమో చూడండి. పెద్ద గల్స్‌లో వీపు ముదురు బూడిద, కాళ్లు పసుపు అయితే హ్యూగ్లిన్స్ గల్ అనే ఇంకో జాతి వైపు ఆలోచించాలి. పెద్దవాటికి పూర్తి రంగు రావడానికి నాలుగేళ్ల దాకా పడుతుంది, అందుకే మధ్య వయసు పక్షుల దగ్గర అనుభవం ఉన్నవాళ్లు కూడా తడబడతారు. పక్షుల్ని గుర్తుపట్టే మెర్లిన్ యాప్ చెప్పింది కదా అని ఎక్కించేయొద్దు.

పక్షుల లెక్కలు ఎక్కించే ఈబర్డ్ సైట్‌లో జాతి తేలని వాటిని ‘గల్’ అని మాత్రమే నమోదు చేసే వీలుంది, మొహమాటపడకుండా వాడండి. అంకె చోట ఎక్స్ (ఉన్నాయి, ఎన్నో లెక్కపెట్టలేదు అని గుర్తు) పెట్టి వదిలేయకుండా అంచనా అయినా వేయండి. కాలికి పరిశోధకులు తొడిగిన ఉంగరం కనిపిస్తే ఫొటోలో అక్షరాలు, రంగు, ఏ కాలికో పడేలా తీసి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. చచ్చిన పక్షిని మాత్రం ఉంగరం కోసమైనా చేత్తో ముట్టుకోకండి, పశువైద్యశాలకి కబురు చేయండి.