సైబర్‌పంక్ ఆటకు సింథ్‌వేవ్ ఒక్కటే తగిన సంగీతమా?

ప్రశ్న

సైబర్‌పంక్ (సాంకేతికత పెరిగినా బతుకులు చితికిన భవిష్యత్ నగరాల కథల తరహా) లోకంలో జరిగే వీడియో గేమ్ సైబర్‌పంక్ 2077లో సింథ్‌వేవ్ బాణీ (సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాద్యంతో 1980ల ధ్వనిని తలపించే సంగీతం) తక్కువగా వినిపించడం పెద్ద లోపమని ఒక మిత్రుడు నాతో గట్టిగా వాదించారు. నాకు ఆ ఆట సంగీతం ఎంతో నచ్చింది, కానీ ఎందుకు నచ్చిందో ఆయనకు సరిగా చెప్పలేకపోయాను. మీ అభిప్రాయాన్ని కారణాలతో సహా తెలియజేయగలరు.

మొదటి జవాబు

నా దృష్టిలో అది లోపమే. 1982లో బ్లేడ్ రన్నర్ చిత్రానికి వాంగెలిస్ యమహా సీఎస్-80 సింథసైజర్‌పై కూర్చిన సంగీతమే ఈ తరహా లోకానికి గొంతునిచ్చింది. వానలో తడిసిన నియాన్ దీపాల వీధిని చూడగానే చెవి ఆ సాగే స్వరం కోసమే ఎదురుచూస్తుంది. 2020లో వచ్చిన ఘోస్ట్‌రన్నర్ అనే మరో సైబర్‌పంక్ ఆటలో, ఒక్క దెబ్బకే ప్రాణం పోయే ఆ పరుగుకు, డేనియల్ డీలక్స్ ఇచ్చిన చీకటి సింథ్ దరువు ఎంత చక్కగా అమరిందో ఆడినవారికి తెలుసు.

రెండవ జవాబు

వాంగెలిస్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అయితే అది నగరాన్ని ఎత్తు నుంచి, కాస్త దూరంగా నిలబడి చూసే కంటికి తగిన సంగీతం. సైబర్‌పంక్ 2077 జరిగే నైట్ సిటీలో మనం నేల మీద, జనం మధ్య తిరుగుతాం. ఈ ఆటకు మూలం మైక్ పాండ్‌స్మిత్ 1988లో రూపొందించిన, కాగితం, పాచికలతో ఆడే ఆట. అందులో ఆటగాడు ఎంచుకోగల పాత్రల్లో రాకర్‌బాయ్ ఒకటి. అంటే పాటనే ఆయుధంగా చేసుకుని అధికారాన్ని ఎదిరించేవాడు. సైబర్‌పంక్ 2077లోని రాక్ గాయకుడు జానీ సిల్వర్‌హ్యాండ్ ఆ కోవకు చెందినవాడు. అతని సమురాయ్ బృందం పాటల కోసం ఈ ఆటను తయారుచేసిన పోలండ్ సంస్థ సీడీ ప్రాజెక్ట్ రెడ్, స్వీడన్‌కు చెందిన పంక్ (తిరుగుబాటు ధోరణి గల రాక్) బృందం రిఫ్యూజ్డ్‌ను తీసుకువచ్చింది. మనుషుల శరీరాలను సైతం సరుకుగా మార్చేసిన కంపెనీల మీది కోపం పలకాలంటే గరుకైన గిటార్, చించుకున్న గొంతు కావాలి. సింథ్‌వేవ్ ప్రధానంగా గడిచిన కాలాన్ని తలచుకుని మురిసే సంగీతం. దానికి కోపం రాదు. నేపథ్య సంగీతం కూర్చిన మార్చిన్ ప్షిబిలోవిచ్, పి.టి. ఆడమ్‌చిక్, పాల్ లెనార్డ్-మోర్గన్‌లు 1980ల ఛాయను పక్కన పెట్టి, 1990ల రేవ్ (నృత్య వేడుకల ఎలక్ట్రానిక్ సంగీతం), ఇండస్ట్రియల్ (యంత్రాల మోతను తలపించే గరుకు సంగీతం) ధోరణుల వైపు మొగ్గడం నాకు చాలా సరైన నిర్ణయంగా తోస్తుంది.

మూడవ జవాబు

మీరిద్దరూ ఒకే బాణీని గెలిపించాలని చూస్తున్నారు, కానీ నగరానికి ఒకే బాణీ ఉండదు కదా. ఆటలోని కారు రేడియోలో రాయల్ బ్లూ కేంద్రం పెట్టి అర్ధరాత్రి వంతెన దాటి చూడండి. అక్కడ వినిపించే పాత జాజ్‌కు, సైబర్‌పంక్‌కు బంధుత్వం ఉంది, ఎందుకంటే ఈ సాహిత్యం నేరపరిశోధన కథల చీకటి వీధుల్లోంచే నడిచి వచ్చింది. మరో కేంద్రంలో మెటల్, ఇంకో కేంద్రంలో హిప్‌హాప్, వేరొకచోట స్పానిష్ పాటలు వినిపిస్తాయి. ఏ పేటలో ఎవరు ఉంటున్నారో పాట ద్వారానే తెలుస్తుంది.

నాకున్న అభ్యంతరం వేరు. 2023 డిసెంబరులో వచ్చిన 2.1 నవీకరణతో ఆటలో నడుస్తూ కూడా రేడియో వినే వీలు కలిగింది. చాలామంది సంతోషించారు. నేను మాత్రం రెండు రోజులకే దానిని ఆపేశాను, ఎందుకంటే దుకాణం ముందు ఒక పాట, నాలుగు అడుగులు వేయగానే మరో పాట, మధ్యలో ప్రకటనల గోల కలిసి కల్పించే వీధి అనుభూతి నా చెవిలోని పాట కింద నలిగిపోయింది.

మొదటి జవాబు రాసినవారు

రాకర్‌బాయ్ విషయం నేను ఆలోచించలేదు. ఈ ఆటకు పంక్ అవసరమేనని ఒప్పుకుంటున్నాను. కానీ సింథ్ అంటే గతం మీది మురిపెం మాత్రమే అనడాన్ని అంగీకరించలేను. ఒక వెనిజులా బృందం 2016లో విడుదల చేసిన సైబర్‌పంక్ ఆట వీఏ-11 హాల్-ఏలో మనం బారులో పానీయాలు కలిపే అమ్మాయి పాత్రలో ఉంటాం. పని మొదలయ్యే ముందు జూక్‌బాక్స్‌లో పాటల వరుసను మనమే పేర్చుకుంటాం. బయట నగరం కుప్పకూలుతుండగా లోపల ఆ నెమ్మది సింథ్ పాటల మధ్య ఒక్కో మనిషి తన గోడు చెప్పుకుంటాడు. అక్కడ గిటార్ అరిస్తే ఆ మాటలు మనకు వినిపించవు.